కాటా మీద యుద్ధవిమానం: ఖరగ్‌పూర్ తుక్కు కొట్లలో నా వెతుకులాట

రెండో ప్రపంచయుద్ధం నాటి విమానం ముక్క ఫలానా కొట్లో ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది "అయస్కాంతం అంటుకుంటోందా?" అని. అవతలివాళ్లు కాస్త చిన్నబుచ్చుకుంటారు. రెక్క మీద గుర్తు ఉందా, గుళ్లు దిగిన కన్నాలు ఉన్నాయా అని అడుగుతాననుకుంటారు పాపం. అంటుకుంటే ఇనుమో ఉక్కో, అంటుకోకపోతే సత్తు లాంటిది. తుక్కు కొట్లో ఏది మిగులుతుందో, ఏది కొలిమికి పోతుందో తేల్చేది లోహమే. ఎంత పేరున్న విమానమైనా కాటా మీదకెక్కాక కిలోల లెక్కే. ఇన్నేళ్ల తిరుగుడులో నాకు అర్థమైంది ఏమిటంటే, విలువైనది కాబట్టి మిగిలిన ముక్క దాదాపు లేదు. కరిగించడానికి మొండికేసినవీ, ఎవరి ఇంట్లోనో ఏదో పనికొచ్చినవీ, ఎవరూ పట్టించుకోక మూలన పడినవీ మిగిలాయి. వెతకాల్సింది కూడా ఆ దారుల్లోనే.

మాది ఖరగ్‌పూర్. తాతగారి కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఊళ్లో ఇలాంటి తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నేను రైల్వే వర్క్‌షాప్‌లో ఇన్‌స్పెక్షన్ పని చేశాను. బోల్టు మర, రివెట్ తల, ముద్ర గుర్తు చూడటం నా ఉద్యోగం. ఈ పిచ్చికి అదే పెట్టుబడి అయింది.

మా ఊరి చుట్టూ యుద్ధకాలపు విమానాశ్రయాలు ఉన్నన్ని, దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో. చాకులియా, దూధ్‌కుండి, పియార్డోబా, ఖరగ్‌పూర్‌లలో 1944లో అమెరికన్ల బి-29 బాంబర్లు దిగాయి. అవి బాంబర్లు, వాటి జోలికి నేను పోను. నాకు కావలసినవి ఫైటర్లు. వాటికి అసలు చోటు ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా రస్‌గోవింద్‌పూర్ దగ్గరి అమర్దా రోడ్. మూడు కిలోమీటర్లు దాటిన ఆ రన్‌వే పక్కన 1943లో ఫ్రాంక్ కేరీ అనే బ్రిటిష్ వైమానికాధికారి ఫైటర్ పైలట్లకు గురి నేర్పే బడి పెట్టాడు. బర్మా సరిహద్దులో జపాన్ విమానాలతో తలపడే హరికేన్, స్పిట్‌ఫైర్, థండర్‌బోల్ట్ పైలట్లు ఇక్కడికొచ్చి సాధన చేసి వెళ్లేవారు. నేర్చుకునేవాళ్లున్న చోట విరిగేవీ ఉంటాయి. విరిగినవన్నీ ఆ చుట్టుపక్కలే ఎక్కడో తేలాలి కదా, అదీ నా లెక్క. ఇక ఖరగ్‌పూర్‌కు కూతవేటు దూరంలో కలైకుండ. అది ఇప్పటికీ వైమానిక దళ స్థావరమే. 1970ల చివర్లో అక్కడ ఎండకూ వానకూ పడి ఉన్న స్పిట్‌ఫైర్లు కొన్ని ఇంగ్లండ్ తరలిపోయాయి. వాటిలో టీపీ280 అనే విమానం 1992లో మళ్లీ గాల్లోకి లేచింది.

మన వాళ్ల డబ్బు కూడా ఈ విమానాల్లో ఉందని చెబితే మా బంధువులు నమ్మరు. మొదటి ప్రపంచయుద్ధంలోనే బ్రిటిష్ దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలిచ్చింది నిజాం. రెండో యుద్ధంలోనూ ఆయన విరాళమివ్వడంతో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అనీ, 253వ దానికి హైదరాబాద్ స్టేట్ అనీ పేర్లు పెట్టారు. 253 వాళ్లు 1940లో ఇంగ్లండ్ మీద జరిగిన ఆకాశ యుద్ధంలో హరికేన్లు నడిపారు. 152 వాళ్ల గుర్తులో ఉన్నది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రనే 1943 చివర్లో స్పిట్‌ఫైర్లతో మన తూర్పు వైపుకు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ పేరు పెట్టుకున్న 79వ స్క్వాడ్రన్ బర్మా వైపు హరికేన్లతోనూ, తర్వాత థండర్‌బోల్ట్‌లతోనూ పోరాడింది. అప్పటి ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా, రాయలసీమ కూడా. కాబట్టి ఏ కొట్లో ఏ ముక్క దొరికినా, అందులో మా తాతముత్తాతలు కట్టిన పన్నో చందానో అణా అర్ధణా ఉండే ఉంటుందని నేను సరదాగా అంటుంటాను.

యుద్ధం అయిపోయాక ఏమైందో తెలియకుండా వెతుకులాటకు దిగితే కాళ్లరుగుతాయి తప్ప ఏమీ దొరకదు. అమెరికా అప్పు కింద ఇచ్చిన విమానాలను షరతుల ప్రకారం తిరిగివ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. కాన్పూర్ చకేరీలో లిబరేటర్ బాంబర్లను అలాగే పాడుచేసి వదిలేశారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటిని మళ్లీ బాగుచేసి 1948లో మన వైమానిక దళానికి అప్పగించడం వేరే కథ. ఫైటర్లకు ఆ అదృష్టం పట్టలేదు. కొత్త విమానాలు వచ్చాయి, జెట్లు వచ్చాయి, పాతవి వేలం పాటకు పోయాయి. పాడుకున్నవాడికి ఇంజను కావాలి, రాగి కావాలి, టైర్లు కావాలి. మిగతా రేకంతా గొడ్డళ్లతో నరికి కొలిమికి. ఆ తరంలో ఈ ప్రాంతంలో వాడిన సత్తు గిన్నెల్లో ఎన్ని రెక్కలు కరిగాయో లెక్క తేల్చేవాడు లేడు.

అయినా ఏ ఊరెళ్లినా ఒకటే మాట. రన్‌వే కింద విమానాలు పూడ్చారట, గ్రీజు పూసి పెట్టెల్లో పెట్టి మరీ దాచారట. ఈ పూడ్చిన విమానాల కథ ఒక్క మా వైపుదే కాదు. బర్మాలోని మింగలడాన్‌లో పెట్టెల్లో స్పిట్‌ఫైర్లు పాతిపెట్టారని డేవిడ్ కండల్ అనే ఆయన ఏళ్ల తరబడి పట్టుబట్టి, చివరికి 2013లో పురావస్తు నిపుణులతో సహా తవ్వకానికి దిగారు. ఒక్క విమానమూ బయటపడలేదు. నాకు ఆయన మీద గౌరవమే. కానీ ఆ కథ వల్ల మాలాంటివాళ్లకు జరిగే నష్టం ఒకటుంది. అందరూ నేల కిందే చూస్తారు. పక్కనే పశువుల పాకకు కట్టిన రేకు ఎవరికీ కనిపించదు.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను.

కొట్టుకి వెళ్లి "విమానం సామాను ఉందా" అని అడగకూడదు. అడిగితే రెండే జరుగుతాయి. లేదంటాడు, ఎందుకంటే వైమానిక దళం సరుకు అంటే పోలీసులతో తలనొప్పి అని భయం. లేదా ఉందంటాడు, ఏదో బస్సు రేకు తెచ్చి పదింతల రేటు చెబుతాడు. నేను "పాత గట్టి సత్తు ఉందా, వంచితే వంగకుండా విరిగే రకం" అని అడుగుతాను. గిన్నెల సత్తు మెత్తన, వంచితే వంగి ఊరుకుంటుంది. విమానాల్లో వాడే డ్యూరల్‌లో రాగి కలుస్తుంది కాబట్టి గట్టిగా స్ప్రింగులా తిరగబడుతుంది, మొండిగా వంచితే చిట్లుతుంది. రాగి ఉండటం వల్లే తేమకు తట్టుకోలేదు. దశాబ్దాలు వానలో నానిన డ్యూరల్ దిమ్మ పూతరేకుల్లా పొరలు పొరలుగా విచ్చుకుని, మధ్యలో తెల్లటి పొడి పెడుతుంది. తుక్కు కొట్టువాళ్లకు ఈ తేడా చేత్తో పట్టుకుంటేనే తెలుసు, ఎందుకంటే రెండిటికీ రేటు వేరు. గిన్నెల్లో కలిపితే పోత చెడిపోతుందని విడిగా పెడతారు. ఆ విడిగా పెట్టిన కుప్పే నా చోటు.

మా ఊళ్లో ఒక కొట్టు పెద్దాయనది పలాస వైపు. నలభై ఏళ్లుగా ఇక్కడే. మొదటిసారి నేను రేకుల కుప్ప ముందు గొంతుక్కూర్చుని భూతద్దం తీస్తే చాలాసేపు ఏమీ అనకుండా చూశాడు. ఆఖరికి ఆగలేక, "ఏటి బాబూ, అందరూ బరువు సూసి కొంతారు, నువ్వేటి అచ్చరాలు సూసి కొంతన్నావు?" అన్నాడు. అప్పటి నుంచి ఆయన కుర్రాళ్లు ముద్ర కనిపించిన ప్రతి ముక్కా పక్కన పెట్టడం మొదలుపెట్టారు. అందులో ప్రెషర్ కుక్కర్ మూతలూ ఉండేవి, అది వేరే సంగతి.

ఆ అక్షరాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది.

కలైకుండ వైపు నుంచి వచ్చే విమానపు తుక్కులో చాలా భాగం యుద్ధకాలానిది కాదు. రష్యన్ అక్షరాలు కనిపించాయా, మిగ్ సరుకు. పక్కన పెట్టేయడమే. పడవల్లా సన్నగా పొడుగ్గా ఉండే ట్యాంకులు చూసి జనం విమానమే దొరికిందనుకుంటారు. అవి ఎక్కువగా జెట్ల కింద తగిలించి గాల్లో వదిలేసే ఇంధనపు ట్యాంకులు. కన్నాలున్న ఇనుప పలకలతో వేసిన కంచెలు ఈ తూర్పు వైపు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. మూడు వరసల గుండ్రటి కన్నాలు, మనిషి కంటే పొడుగు. అవి తాత్కాలిక రన్‌వే పరవడానికి అమెరికన్లు తెచ్చిన పలకలు. యుద్ధకాలపువే, విమానానివి మాత్రం కావు. ఇనుము కాబట్టి, కంచెకు అంత చక్కగా కుదిరాయి కాబట్టి మిగిలాయి.

ఇవన్నీ ఏరేశాక అమెరికా సరుకునూ బ్రిటిష్ సరుకునూ విడదీయాలి. మా వైపు బి-29ల తుక్కు అంత ఉంది మరి. రంగు కొంత చెబుతుంది. అమెరికన్ ముక్క లోపలి వైపు పసుపు కలిసిన ఆకుపచ్చ ప్రైమర్, బ్రిటిష్ ముక్కకు బూడిద కలిసిన ఆకుపచ్చ. ఎండకు రెండూ ఒకేలా వెలిసిపోతాయి కనుక దాన్ని నమ్ముకోలేం. అమెరికన్ రేకు మీద ఆల్‌క్లాడ్ 24ఎస్‌టీ అని వరసగా అచ్చు కొట్టి ఉంటుంది. రంగు గోకితే, అదృష్టం బాగుంటే, నీడలా కనిపిస్తుంది. బ్రిటిష్ రేకు మీద డీటీడీ అనే అక్షరాలూ నంబరూ. రేకు లేకుండా బోల్టు ఒక్కటే దొరికితే మర కొలిచే నా థ్రెడ్ గేజి బయటికొస్తుంది. బ్రిటిష్ మర పంటి కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌ది 60. ఆ గేజి ఆవిరి ఇంజన్ల కాలం నాటిది, వర్క్‌షాప్‌లో ఒక సీనియర్ రిటైరవుతూ నా చేతిలో పెట్టాడు. గేజి పంటిని మరలో పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, సరిపోయినదాని మధ్య వెలుగు గీత కనబడదు. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. స్పిట్‌ఫైర్‌లో వాడిన మెర్లిన్ ఇంజన్లను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కూడా తయారుచేసింది, కానీ మరలు బ్రిటిష్ కొలతలకే కోసింది. కాబట్టి ఇంజను ముక్క విషయంలో ఒక్క మరను చూసి తీర్పు చెప్పకూడదు. థండర్‌బోల్ట్ ఇంకో చిక్కు. అది అమెరికాలో తయారై, మా వైపు బ్రిటిష్ దళం చేతిలో ఎగిరింది. దాని ముక్క అమెరికన్ రేకే, అమెరికన్ మరే, బి-29 కుప్పలో ఇట్టే కలిసిపోతుంది. దాన్ని పట్టించేది భాగం నంబరు. 89ఎఫ్‌తో మొదలైందంటే నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది.

స్పిట్‌ఫైర్ నంబర్లు ఇంకా మజాగా ఉంటాయి. తయారుచేసిన సూపర్‌మెరైన్ కంపెనీ ఒక్కో రకానికి ఒక్కో నంబరు పెట్టుకుంది. మొదటి రకం 300, తొమ్మిదోది 361, పద్నాలుగోది 379, పద్దెనిమిదోది 394. ప్రతి భాగం నంబరూ ఆ రకం నంబరుతో మొదలవుతుంది. ఇది తెలిసినవాళ్లు చాలామంది 300 కనిపించగానే మొదటి రకం స్పిట్‌ఫైర్ దొరికిందని గంతులేస్తారు. ఆ నంబరు చెప్పేది, ఆ భాగాన్ని మొదట ఏ రకానికి గీశారు అన్న సంగతి ఒక్కటే. మార్చాల్సిన పని లేని భాగం పాత నంబరుతోనే చివరి రకం దాకా వెళ్లిపోతుంది. అందుకే పెద్ద నంబరు దొరికితేనే గట్టి సాక్ష్యం. 379 ఉన్న భాగం 1940 నాటి విమానంలో ఉండే అవకాశమే లేదు, పద్నాలుగో రకమో ఆ తర్వాతిదో అయి తీరాలి.

అలాంటిదే ఒకటి ఆ పలాస పెద్దాయన కొట్లో దొరికింది. గోనెసంచిలో రేడియేటర్ రెక్కలు, విరిగిన ఫ్యాన్ బ్లేడ్లు, వాటి మధ్య అరచేయంత వెడల్పు, మూరెడు పొడుగున్న వంపు తిరిగిన రేకు. అంచున వరసగా రివెట్ కన్నాలు, ఒక మూల చిన్న గుండ్రటి ముద్రలో అక్షరాలు, దాని కింద అంకెలు. పైన వెండిరంగు పెచ్చులు. కొబ్బరి పీచుతో, సబ్బునీళ్లతో మెల్లగా తోమితే మూడు అంకెలు తేలాయి: 379. ఆ తర్వాతి అంకెల్లో ఒకటి రివెట్ కన్నం మింగేసింది. ఇలాంటప్పుడు ఇసుక కాగితం వాడకండి, వైరు బ్రష్షు అసలే వద్దు. ముద్ర లోతు వెంట్రుకవాసి కూడా ఉండదు. ఇంకో కిటుకు, టార్చిని రేకుకు ఆనించి పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని ఫొటో తీయండి. ఎదురుగా వేసిన వెలుతురులో కనిపించని అంకె నీడలో లేచి కనిపిస్తుంది.

ఆ రేకు ఇప్పుడు నా దగ్గరే ఉంది. కానీ నాకు ఎక్కువ ఇష్టమైనది నేను కొననిది, కొనలేనిది. రస్‌గోవింద్‌పూర్ వైపు ఒక రైతు బావి దగ్గర గిలక వేలాడదీసిన అడ్డదూలం. చూడగానే సాదా చదరపు గొట్టం అనిపిస్తుంది. కోసిన అంచు వైపు వెళ్లి చూస్తే గొట్టంలో గొట్టం, అందులో ఇంకో గొట్టం, సందు లేకుండా దిగేసి ఉన్నాయి. స్పిట్‌ఫైర్ రెక్కకు వెన్నెముక అదే. రెక్క మొదట్లో ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి గొట్టాల పొరలు ఎక్కువ, చివరికి పోయేకొద్దీ ఒక్కో పొర తగ్గిస్తూ పోతారు. అంత సన్నటి రెక్కకు అంత బలం రావడం వెనకున్న ఉపాయం ఇదే. ఆ రైతు తాతకు దీని ఉపాయం తెలియకపోవచ్చు, బలం మాత్రం తెలిసింది. నేను కొలతలు తీసుకుంటుంటే ఆ ఇంటి పెద్దావిడ వచ్చి, ఇది తీసుకెళ్తే నీళ్లు నువ్వు తోడి పెడతావా అని అడిగింది. కొలతలూ ఫొటోలూ తీసుకుని వచ్చేశాను. అది అక్కడే ఉండటమే మంచిదని నా అభిప్రాయం. గాజు పెట్టెలోకి వెళ్తే దానికి జరిగేది ఏమీ లేదు, ఆవిడకు మాత్రం బావి దగ్గర పని ఆగిపోతుంది.

ఉక్కు సంగతి కూడా చెప్పాలి. ఫైటర్లలో పైలట్ వెనక కవచంలా ఉక్కు పలక ఉండేది. దాన్ని హాక్సా కోయలేదు, గ్యాస్‌తో కోస్తే ఖర్చు గిట్టదు. అందుకే కొట్టు మారినా పలక మారదు, ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారుతూనే ఉంటుంది. బాలేశ్వర్ రోడ్డులో ఒక కమ్మరి దాన్ని దాగలి కింద దిమ్మగా వేసుకున్నాడు. పై అంచు భుజాల ఆకారంలో వంపు తిరిగి ఉంది, బోల్టు కన్నాలు రెండు పక్కలా సమంగా ఉన్నాయి. ఆ కన్నాల దూరాలు కొలిచి ఇంగ్లండ్‌లో హరికేన్లు బాగుచేసే ఒక బృందానికి పంపాను. వాళ్లు తమ డ్రాయింగ్ పక్కన పెట్టి చూసి, సరిపోయిందని జవాబిచ్చారు. కమ్మరికి చెబితే, "అందుకేనా ఇన్నాళ్లూ సొట్ట పడలేదు" అని మళ్లీ పనిలో పడ్డాడు.

హరికేన్‌కు బతికే యోగం స్పిట్‌ఫైర్ కంటే ఒక విధంగా ఎక్కువ. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా రేకు. హరికేన్ ఒంట్లో ఉక్కు గొట్టాల చట్రం, దాని వెనక చెక్క, పైన గుడ్డ. గొట్టాల కొసలను చదరంగా నొక్కి, రెండు పక్కలా పలకలు పెట్టి బోల్టులతో బిగించారు, వెల్డింగ్ లేదు. అందువల్ల చెక్కకు చెద పట్టినా, గుడ్డ కుళ్లినా, చట్రం నిలుస్తుంది. కొసలు చదరంగా ఉన్న గుండ్రటి గొట్టం ఎక్కడైనా పందిరి రాటగా కనిపిస్తే ఆగి చూడండి. ప్రపంచంలో ఈ విమానం గురించి చెప్పుకునే పెద్ద కథ మన దేశంలోనే జరిగింది. 1940 ఆకాశ యుద్ధంలో 605వ స్క్వాడ్రన్‌తో పోరాడిన ఆర్4118 అనే హరికేన్‌ను తర్వాత ఇండియాకు పంపారు. చివరికది కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు చూపించే వస్తువైంది. పాత కార్ల మీద ఇష్టంతో ఇండియా తిరుగుతున్న పీటర్ వాచర్ 1982లో దాన్ని చూశాడు. అది ఆయన చేతికి రావడానికి 2001 దాకా పట్టింది. 2004 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో మళ్లీ ఎగిరింది. కాయితాల వెంట ఏళ్ల తరబడి తిరిగిన ఆ ఓపిక చూసి నాకు అసూయ.

జాగ్రత్తల గురించి నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. కుర్రాళ్లు నాతో వస్తామంటే ముందు ఇవి చెప్పి తీసుకెళ్తాను. పాత మీటర్ల ముళ్లకూ అంకెలకూ చీకట్లో మెరవడానికి రేడియం పూసేవారు. ఇప్పుడు మెరవడం లేదు కదా అని అద్దం విప్పితే ముప్పు కొనితెచ్చుకున్నట్టే. అలసిపోయింది మెరిసే పదార్థం, రేడియం కాదు. దాని శక్తి సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. మీటరు దొరికితే విప్పకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంట్లోకి తేకుండా ఉంచాలి. చక్రాల దిమ్మలు చాలావరకు మెగ్నీషియం కలిసిన లోహం. తేలిగ్గా ఉన్నాయని గ్రైండర్ పెడితే ఆ పొడి అంటుకుంటుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. ఒక కొట్లో నా కళ్ల ముందే గ్రైండర్ తీశాడు, నేను అరిచిన అరుపుకి పక్క కొట్టువాడు పరిగెత్తుకొచ్చాడు. తూటాలు, గుండ్లు కనిపిస్తే చేయి పెట్టకుండా పోలీసులకు చెప్పాలి. ఇక కూలిన చోట ఎముకలు కనిపిస్తే అది తుక్కు కాదు, సమాధి. ఈశాన్య కొండల్లో గల్లంతైన అమెరికన్ల కోసం వాళ్ల ప్రభుత్వం ఇప్పటికీ వెతికిస్తోంది. అలాంటి చోట ఒక్క బోల్టు కూడా కదపకూడదు.

చట్టం మనకు పెద్దగా తోడు రాదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండితేనే వస్తువుకు రక్షణ. 1943 నాటి విమానానికి ఇంకా ఆ వయసు రాలేదు. ఆ లోపు మిగిలింది కూడా కొలిమికి పోవచ్చు. వైమానిక దళం సరుకైతే వేలం కాయితం ఉందా లేదా అని ముందు కొట్టువాణ్ణి అడగండి, లేకపోతే ఎంత ముచ్చటపడినా కొనొద్దు.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. విమానం గుర్తింపు పలక, అంటే తయారీ నంబరున్న చిన్న రేకు, విడిగా దొరికితే దానికి విదేశాల్లో గిరాకీ ఎక్కువ. ఒక పలక, నాలుగు ముక్కలు ఉంటే చాలు, మిగతాదంతా కొత్తగా తయారుచేసి పాత విమానం బతికిందని చెప్పుకోవచ్చు. అందులో తప్పేమీ లేదని వాదించేవాళ్లు ఉన్నారు, ఎగిరే స్పిట్‌ఫైర్‌ను చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ ఆశతో ఇక్కడి మధ్యవర్తులు పలకను ఊడబీకి, అది ఏ ముక్కకు బిగించి ఉందో ఆ ముక్కను కొలిమికి పంపేస్తారు. ఏ ఊరి ఏ కొట్లో, ఏ ముక్క పక్కన దొరికిందన్న సంగతి పోయాక ఆ పలక ఒట్టి పలకే. అందుకే ముట్టుకోకముందే ఫొటో తీస్తాను. కుప్ప మొత్తం ఒకటి, ముక్క ఒకటి, నంబరు ఒకటి. కొట్టువాడికి సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో అతని మాటల్లోనే రాసుకుంటాను. ఈ చివరిదే కష్టం. బారిపదా నుంచి వచ్చింది అంటాడు, బారిపదా వెళ్తే జంషెడ్‌పూర్ అంటారు, అక్కడికెళ్తే మీ ఖరగ్‌పూర్ నుంచే కొన్నామంటారు.

ఈ మధ్య నా తిరుగుడు కొట్ల నుంచి కాలేజీల వైపు మళ్లింది. కాశీ హరికేన్ లాగే, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో పనికిరాని విమానాలూ ఇంజన్లూ పాఠాలకని ఇంజనీరింగ్ కాలేజీలకు ఇచ్చారు. మెర్లిన్, గ్రిఫన్, సెంటారస్ ఇంజన్లను నిలువునా కోసి లోపలి భాగాలు కనిపించేలా స్టాండు మీద పెట్టేవారు. సిలబస్ మారాక వర్క్‌షాపు వెనక్కి, ఆ తర్వాత వేలానికి. టెంపెస్ట్ అనే ఫైటర్‌లోని సెంటారస్‌ను గుర్తుపట్టడం తేలిక. పద్దెనిమిది సిలిండర్లు రెండు వరసల్లో చుట్టూ ఉంటాయి, మామూలు వాల్వులు ఉండవు, వాటి బదులు సిలిండర్ లోపల వింత ఆకారపు కన్నాలున్న స్లీవు తిరుగుతుంది. ఆ స్లీవు ఒక్కటి దొరికినా చాలు.

తెలుగు రాష్ట్రాల్లోని పాత ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ, పాలిటెక్నిక్‌లలోనూ పనిచేసినవాళ్లు దీన్ని చదువుతుంటే ఒక్క సాయం చేయండి. మీ వర్క్‌షాపు స్టోర్సులో 1950ల నాటి డెడ్ స్టాక్ రిజిస్టర్, అంటే యంత్రాలూ సామాన్ల లెక్క రాసే పుస్తకం, ఇంకా ఉంటే తెరిచి, ఏరో ఇంజన్ అనో, ఎయిర్‌ఫ్రేమ్ అనో రాసిన వరస ఉందేమో చూడండి. వేలంలో అమ్మేశామని ఉన్నా వదిలేయకండి. చివరి గడిలో కొన్నవాడి పేరూ ఊరూ రాసి ఉంటుంది, నాకు కావలసింది ఆ గడే.